డయాలిసిస్ మీద ఉన్నవాళ్లు రెండు నెలల తర్వాతి తేదీ ఇవ్వగలరా?

కవిటి_కుర్రోడు | ఆదివారం, రాత్రి 11:42

అందరికీ నమస్కారం. మాది ఉద్దానం, కవిటి దగ్గర పల్లె. వయసు 34. పలాసలో జీడిపప్పు బట్టీలో లెక్కలు రాసేవాణ్ని. 14 నెలలుగా డయాలిసిస్. సోమ, బుధ, శుక్ర, పొద్దున ఆరున్నర బ్యాచ్.

అడిగేది చిన్న విషయమే. హైదరాబాద్‌లో ఉన్న మా చెల్లి నిన్న ఫోన్ చేసింది. మేనల్లుడి పుట్టువెంట్రుకలు యాదగిరిగుట్టలో తీయిస్తారట. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టాలి కదా. "అన్నయ్యా, నీకు ఎప్పుడు వీలైతే అప్పుడే పెట్టుకుంటాం. ఒక తేదీ చెప్పు చాలు" అంది. సరే చూసి చెప్తానన్నాను. క్యాలెండర్ ముందు అరగంట కూర్చున్నాను కానీ ఒక్క తేదీ కూడా నోట్లోంచి రాలేదు.

ఎందుకో చెప్తాను. నేను చేరినప్పుడు నా పక్క బెడ్ మీద సోంపేట తాత ఒకాయన ఉండేవాడు. మనవరాలి పెళ్లి మాఘంలో అని నెల ముందు నుంచీ టెక్నీషియన్లందరినీ పిలుస్తూనే ఉన్నాడు. పుష్యంలో ఒక సోమవారం ఆ బెడ్ మీద వేరే ఆయన పడుకుని ఉన్నాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. అప్పట్నుంచి నేను బుధవారం దాటి ఆలోచించడం మానేశాను. బుధవారం వస్తే శుక్రవారం.

మీలో ఎవరైనా దూరపు తేదీలు పెట్టుకుంటారా? పెట్టుకుంటే ఎలా? ధైర్యం చెప్పమని కాదు, నిజంగానే ఎలా అని అడుగుతున్నాను.

---

నర్సాపురం_బాబాయ్ | ఆదివారం, రాత్రి 11:58

బాబూ, ముందు టెన్షన్ పడకు. అంతా పైవాడు చూసుకుంటాడు. పాజిటివ్‌గా ఆలోచించు. మనసు గట్టిగా ఉంటే ఒళ్లు దానంతట అదే మాట వింటుంది.

---

సూదిమల్లి | సోమవారం, ఉదయం 5:20

బాబాయ్ గారూ, మీమీద గౌరవంతోనే ఒక మాట. మా సెంటర్‌లో పాజిటివ్ అనే మాట హెపటైటిస్ రిపోర్టులో తప్ప వాడం. అది వస్తే వేరే మిషన్ మీదికి మార్చేస్తారు. 😀

తమ్ముడూ, నాది విజయవాడ, వయసు 46, డయాలిసిస్‌కి తొమ్మిదేళ్లు. చేతి మీద సూది గుచ్చుళ్లు చూసి మా ఆయనే ఈ పేరు పెట్టాడు. నీలాగే నేనూ మొదటి రెండేళ్లు ఎల్లుండి దాకానే బతికాను. ఒక కొత్త చీర కూడా కొనలేదు, ఎవరు కడతారులే అని. ఇప్పుడు బీరువా పట్టట్లేదు.

ఎలా మారిందో సరిగ్గా చెప్పలేను. ఒకరోజు ఇంట్లో ఆవకాయ కలుపుతున్నారు. నాకు ఉప్పు పడదు, ఆవకాయ ముట్టను. కానీ కారం ఎంత, ఆవపిండి ఎంత, నూనె ఎప్పుడు పోయాలి అనేది ఆ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. కుర్చీలో కూర్చుని చెబుతుంటే మా అత్తగారు "వచ్చే ఏడు రెండు జాడీలు పెడదామే" అన్నారు. "మూడు పెట్టండి, మా అక్క వాళ్లకి పంపాలి" అన్నాను. అన్నాక గానీ నాకే తెలియలేదు, నేను వచ్చే ఏడాది గురించి మాట్లాడానని.

ఇప్పుడు నా మిషన్ టైమైంది. మిగతాది వచ్చాక రాస్తాను.

---

వరంగల్_వనజ | సోమవారం, ఉదయం 8:05

నేను పేషెంట్‌ని కాదు, పేషెంట్ భార్యని. ఆయనకు ఐదేళ్లుగా డయాలిసిస్.

తేదీ ఇవ్వలేకపోవడం మీ ఒక్కరికే ఉండే కష్టం కాదన్నా. ఇంట్లోవాళ్లం కూడా ఇవ్వలేం. మా బాబు స్కూల్లో టూర్‌కి డబ్బులు కట్టమంటే నేను చివరి రోజు దాకా ఆగేదాన్ని. ఆయనకు ఏమన్నా అయితే ఆ డబ్బు కావాలి కదా అని. పింఛన్ 2,016 రూపాయలు వస్తుంది, డయాలిసిస్ ఆరోగ్యశ్రీలో ఉచితం, అది నిజమే. కానీ ఆటోకి, ల్యాబ్ టెస్టులకు, మధ్యలో ఒక రోజు కూలి పోవడానికి ఏ కార్డూ లేదు.

ఒక్క ముచ్చట మాత్రం చెప్తా. డయాలిసిస్ సూదుల కోసం చేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు, ఫిస్టులా అంటారు. అది చేసిన కొత్తలో ఆ చేతిని ఎవ్వరూ ముట్టేవాళ్లం కాదు, భయం. మా బాబుకి అప్పుడు నాలుగేళ్లు. ఒకరాత్రి వాళ్ల నాన్న నిద్రపోతుంటే ఆ చేతికి చెవి ఆనించి పడుకుని "అమ్మా, నాన్న చేతిలో పిల్లి ఉంది, గుర్రుమంటోంది" అన్నాడు. ఇప్పటికీ రోజూ పడుకునే ముందు వాడి డ్యూటీ అదే. చెవి పెట్టి విని "పిల్లి ఉంది" అని చెప్తాడు. ఆ తర్వాతే లైటు ఆర్పుతాం.

---

మిషన్_మిత్రుడు | సోమవారం, మధ్యాహ్నం 2:30

డయాలిసిస్ టెక్నీషియన్‌ని, 12 ఏళ్ల అనుభవం. వనజ గారూ, మీ బాబు చేస్తున్నది చాలా ముఖ్యమైన పని. ఆ గుర్రు చప్పుడు లేకపోయినా, చేత్తో ముడితే ఆ అదురు తగలకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు, వెంటనే సెంటర్‌కి ఫోన్ చేయాలి. ఫిస్టులాలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. తొందరగా వస్తే చాలాసార్లు కాపాడుకోవచ్చు. ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వొద్దు, రక్తం తీయనివ్వొద్దు, ఆ చేత్తో బిందెలు మోయొద్దు.

కవిటి తమ్ముడికి ఒక పాత సంగతి. 1943లో నెదర్లాండ్స్‌లో కోల్ఫ్ అనే డాక్టర్ యుద్ధం మధ్యలో సాసేజ్‌లకు వాడే సెల్లోఫేన్ తొడుగుతో మొదటి మిషన్ తయారుచేశాడు. కానీ అది తాత్కాలికంగా కిడ్నీ ఆగిన వాళ్లకే. మీలాంటి శాశ్వత కేసులకు కుదిరేది కాదు, ఎందుకంటే ప్రతిసారీ ఒక కొత్త రక్తనాళం పాడయ్యేది. నాళాలు అయిపోతే అంతే సంగతులు. 1960లో సియాటెల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టర్ చేతికి టెఫ్లాన్ గొట్టం శాశ్వతంగా అమర్చే పద్ధతి కనిపెట్టాడు. అది మొదట పెట్టించుకున్నది క్లైడ్ షీల్డ్స్ అనే మెషినిస్టు. అది లేకపోతే ఆయనకు మిగిలింది రోజులే. ఆ తర్వాత డయాలిసిస్ మీద ఆయన 11 ఏళ్లు బతికాడు. ఇప్పుడు మీ చేతికున్న ఫిస్టులా 1966లో వచ్చింది.

షీల్డ్స్‌కి కూడా తర్వాతి వారం ఏమవుతుందో ఎవరూ చెప్పలేకపోయారు. ఆయన కంటే ముందు ఎవరూ ఆ దారిలో వెళ్లలేదు మరి. మీ ముందు ఉన్నవాళ్లు మాత్రం ఈ వేదికలోనే ఇంతమంది ఉన్నారు.

---

మూలికా_మహిమ | సోమవారం, సాయంత్రం 4:11

మిత్రులారా, డయాలిసిస్ అవసరమే లేదు. 40 రోజుల్లో క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) నార్మల్‌కి తెచ్చే చూర్ణం

[మిగతా భాగం, ఫోన్ నంబరు మోడరేటర్ తొలగించారు]

---

నర్సాపురం_బాబాయ్ | సోమవారం, సాయంత్రం 4:40

నిన్న రాత్రి పాజిటివ్ అని రాసినందుకు ఆ అమ్మాయి చేత అక్షింతలు వేయించుకున్నాను, తప్పు నాదే. ఇప్పుడు మాత్రం కోపంగానే రాస్తాను.

మా తమ్ముడికి ఇలాంటి చూర్ణమే ఇచ్చారు. మిషన్ ఆపితేనే మందు పనిచేస్తుందన్నారు. ఆపాడు. మొదటి మూడు రోజులు హాయిగా ఉందన్నాడు. సూది లేదు, ప్రయాణం లేదు, నాలుగు గంటల పడక లేదు, హాయిగా ఉండదా మరి? పదకొండో రోజుకి ఆయాసం. ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి రక్తంలో పొటాషియం ఎక్కడికో పెరిగిపోయింది. దారిలోనే పోయాడు.

వాడికి ఆశ లేక కాదు, ఆశ ఎక్కువై పోయాడు. ఈ సంగతి నేను ఎవరికీ చెప్పుకోలేదు.

---

సూదిమల్లి | సోమవారం, సాయంత్రం 6:15

బాబాయ్ గారూ, పొద్దున్న నా మాటకి ఏమీ అనుకోవద్దు. తమ్ముడి సంగతి తెలియదు.

(ఈరోజు ఒంట్లో చేరిన నీరు రెండు కిలోల నాలుగు వందలు తీశారు. నిన్న మనవడి పుట్టినరోజు, పాయసం తాగేశాను. చివరి గంటలో రెండు పిక్కలూ పట్టేశాయి. అనుభవించాను.)

---

డాలస్_దొరబాబు | సోమవారం, రాత్రి 9:50

అమెరికా నుంచి. నాది పొట్ట డయాలిసిస్, పెరిటోనియల్ అంటారు. రాత్రి పడుకునేటప్పుడు చిన్న మిషన్‌కి గొట్టం కలుపుకుంటాను. అదే రాత్రంతా నీళ్లు ఎక్కించి దించుతుంది. పొద్దున లేచి ఆఫీసు. సూదులు లేవు, కానీ ఇన్ఫెక్షన్ భయం ఎప్పుడూ ఉంటుంది. గొట్టం ముట్టుకునేముందు చేతులు కడిగే పద్ధతి చూస్తే మా ఆవిడ "సంధ్యావందనం మొదలైంది" అంటుంది.

ఇండియాలో కూడా ఇది ఉంది. రోజుకు మూడు నాలుగుసార్లు చేత్తోనే రెండు లీటర్ల బ్యాగులు మార్చుకునేవాళ్లు ఉన్నారు. సెంటర్ దూరమైన పల్లెలవాళ్లు డాక్టర్ని ఒకసారి అడగండి. అందరికీ సరిపడదు, కానీ అడగందే తెలియదు.

నేను తేదీలు పెడతాను. ఎక్కువే పెడతాను. అందులో సగం రద్దవుతాయి. రద్దయినప్పుడు ఫోన్ చేసి రాలేకపోతున్నానని చెప్పడం నేర్చుకున్నాను. మొదట్లో అదే కష్టంగా ఉండేది. జబ్బు చేయడం కంటే మాట తప్పడం పెద్ద తప్పులా అనిపించేది.

---

కవిటి_కుర్రోడు | సోమవారం, రాత్రి 11:30

అందరికీ దండాలు. ఇంతమంది రాస్తారనుకోలేదు. మధ్యాహ్నం నుంచి నాలుగుసార్లు చదివాను.

దొరబాబు గారు రాసిందే నాకు తగిలింది. నేను చెల్లికి తేదీ చెప్పనిది చచ్చిపోతానన్న భయంతో మాత్రమే కాదు. చెప్పాక రాలేకపోతే అక్కడ బంధువులందరూ గుండుకి కత్తి పట్టుకుని ఎదురుచూస్తుంటారే, ఆ సీను తలుచుకుంటే చాలు, నోరు పెగలదు.

ఇంకో సంగతి. మా నాన్నకి 66. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా తోటలో 43 కొబ్బరి చెట్లు ఒకే రాత్రి పడిపోయాయి. పొద్దున లేచి చూస్తే తోట ఉండాల్సిన చోట ఆకాశం కనబడింది. మా ఊళ్లో చాలామంది ఆ ఏడే వలస పోయారు. నాన్న మర్నాడు కాదుగానీ ఆ మరుసటి ఏడు వానలు పడ్డాక మొక్కలు పెట్టాడు. నాటు రకం. కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. "ఎవరు తాగుతారు ఈ నీళ్లు?" అని నేనే వెక్కిరించాను. ఇప్పుడు గెలలు దిగాయి. తాగకూడనివాణ్ని ఇంట్లో నేనొక్కణ్నే.

కొబ్బరి నీళ్లలో పొటాషియం అని తెలియనివాళ్లు ఉద్దానంలో ఇప్పుడు లేరు. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఏ పల్లెకి వెళ్లినా ఒక ఇంట్లో క్రియాటినిన్ గురించే మాట. ఎందుకొస్తోందో ఎన్ని పరిశోధనలు జరిగినా ఇదీ కారణం అని ఎవరూ తేల్చలేదు. నీళ్లన్నారు, మందులన్నారు, ఎండలో పని అన్నారు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, వంశధార నీళ్లు పైపుల్లో తెచ్చారు. ఇక్కడ డయాలిసిస్ సెంటర్లు రాకముందు శ్రీకాకుళం, విశాఖ తిరిగినవాళ్లు మా పెదనాన్న తరంవాళ్లు. ఆయన ఆ బస్సుల్లోనే అలిసిపోయి మానేశాడు. ఆ లెక్కన నాకు బాగానే ఉంది. కానీ నాకు బాగానే ఉందని ఎవరైనా అంటే ఒళ్లు మండుతుంది. 😅

---

కీళ్ల_కామాక్షి | మంగళవారం, ఉదయం 7:02

నాది డయాలిసిస్ కాదు, 17 ఏళ్లుగా కీళ్లవాతం. వేళ్లు వంకర పోయాయి. ఈ చర్చలో దూరొచ్చా?

చెప్పేది ఒక్కటే. నేను తేదీ ఇచ్చేటప్పుడు రెండు తేదీలు ఇస్తాను. "ఆదివారం, కుదరకపోతే మరుసటి ఆదివారం." వినేవాళ్లకు ముందే తెలుస్తుంది కాబట్టి మాట తప్పినట్టు ఉండదు.

---

సూదిమల్లి | మంగళవారం, ఉదయం 9:30

కామాక్షి గారూ, దూరండి దూరండి. ఈ రెండు తేదీల పద్ధతి నేను ఎత్తుకెళ్తున్నాను.

తమ్ముడూ, దాహం సంగతి ఎవరూ రాయలేదు. నిజానికి మన ఆశలన్నీ దాని దగ్గరే జారతాయి. నేను పొద్దున్నే అరలీటరు సీసా నింపుకుంటాను. మజ్జిగ, చారు, మాత్ర మింగిన నీళ్లు, అన్నీ అందులోంచే తగ్గించుకుంటాను. మధ్యాహ్నం గొంతు పిడచకట్టుకుపోతే ఒక ఐసు ముక్క నోట్లో వేసుకుంటాను. అది కూడా లెక్కలోకే వస్తుంది, గుర్తుంచుకో. ఉప్పు తగ్గితే దాహం దానంతట అదే తగ్గుతుంది. షాపుల్లో "తక్కువ సోడియం ఉప్పు" అని అమ్ముతారు, అది మాత్రం మనవాళ్లు ముట్టకూడదు. అందులో సోడియం బదులు పొటాషియం ఉంటుంది.

కూరగాయలు సన్నగా తరిగి వేడినీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోసి వండుతాను. రుచి సగం ఆ నీళ్లలోనే పోతుంది. మిగతా సగంతో తొమ్మిదేళ్లు లాక్కొచ్చాను.

---

మిషన్_మిత్రుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

దాహం మాటొచ్చింది కాబట్టి: నాలుగు గంటల సెషన్‌లో ఒక్కో పేషెంట్ రక్తం పక్కనుంచి సుమారు 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు పారతాయి. నీటి కోసం అల్లాడే మనిషి పక్కనే అన్ని నీళ్లు. నేను చేరిన కొత్తలో ఇది తలుచుకుని రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

ఇక కవిటి తమ్ముడి ప్రయాణం. ఇది జరిగే పనే, వారం వారం చేస్తున్నాం. శుక్రవారం మీ సెంటర్‌లో పూర్తి నాలుగు గంటలు చేయించుకోండి, అరగంట కోసం బతిమాలొద్దు. ఆ రాత్రి రైలెక్కితే శనివారం హైదరాబాద్. ఆదివారం కార్యక్రమం. కొండ మీద ఎండ, దాహం, ప్రసాదం, మూడూ జాగ్రత్త. సోమవారం పొద్దున హైదరాబాద్‌లోనే డయాలిసిస్, సాయంత్రం తిరుగు రైలు. సోమవారం వదిలేసి ఊరొచ్చి మంగళవారం చేయించుకుంటానని మాత్రం అనుకోవద్దు. వారాంతం గ్యాప్ అసలే పెద్దది, అన్ని రోజులకంటే ఎక్కువ ఇబ్బందులు మేం చూసేది సోమవారం పొద్దునే.

అక్కడి సెంటర్‌తో కనీసం రెండు వారాల ముందు మాట్లాడాలి. వాళ్లు అడిగేవి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ తాజా రిపోర్టులు, డ్రై వెయిట్ (అదనపు నీరు తీసేశాక ఉండాల్సిన బరువు), హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) డోసు, ఏ డయలైజర్ (రక్తం వడకట్టే ఫిల్టర్) వాడుతున్నారు, చివరి మూడు సెషన్ల కాగితాలు. మీ డాక్టర్ సంతకంతో ఒక చీటీ రాయించుకోండి. ఆరోగ్యశ్రీ (ఆంధ్రలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ) కార్డు వేరే రాష్ట్రంలో ఆ ఒక్కరోజుకు చెల్లుతుందో లేదో ముందే అడగండి. చెల్లకపోతే డబ్బు పెట్టుకోవాలి.

---

వరంగల్_వనజ | మంగళవారం, రాత్రి 8:44

అన్నా, మీరు ఆంధ్రలో 10,000 డయాలిసిస్ పింఛన్ వాళ్లు, ఒక్కరోజు పెట్టుకోగలరు. 😀 మాది కూడా పెంచమని ఎవరికైనా చెప్పండి.

ఇంకోటి. మీ మొదటి పోస్టులో బుధవారం దాటి ఆలోచించట్లేదని రాశారు కదా. మా ఆయన ఒక ఏడాది అట్లాగే ఉన్నాడు. తిండి సగం, మాట సగం, గోడ వైపు తిరిగి పడుకునుడు. అది వైరాగ్యం అనుకున్నాం. కిడ్నీ డాక్టరే పట్టుకుని డిప్రెషన్ అని ఇంకో డాక్టర్ దగ్గరికి పంపారు. మాత్రలిచ్చారు, కిడ్నీకి సరిపడేవి చూసి మరీ. ఆరు వారాలకు పొద్దున పేపర్ అడిగిండు. మీకు అట్లా ఉందని కాదు. ఉంటే మాత్రం సిగ్గుపడొద్దు. రాత్రిపూట ఎవరితోనైనా మాట్లాడాలంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడతారు. నేనే ఒకసారి చేశాను, ఆయన కోసం కాదు, నా కోసం.

---

నర్సాపురం_బాబాయ్ | బుధవారం, ఉదయం 6:10

నా కథ కూడా చెప్పేస్తాను. 2011లో మా ఆవిడ కిడ్నీ ఇచ్చింది. మార్పిడి అయిపోతే అన్నీ అయిపోయినట్టే అనుకున్నాను. కాదు. రోజుకు రెండుసార్లు అదే టైముకి మాత్రలు, అవి జీవితాంతం. జలుబు చేసినా భయమే. ఇన్నేళ్లయినా క్రియాటినిన్ రిపోర్టు కవరు చించేటప్పుడు చెయ్యి వణుకుతుంది.

కుర్రోడా, జీవన్‌దాన్‌లో (చనిపోయినవాళ్లు దానం చేసిన అవయవాలు వరస ప్రకారం ఇచ్చే ప్రభుత్వ పథకం) పేరు రాయించావా? రాయించకపోతే రాయించు. ఇంట్లో ఎవరైనా ఇస్తామన్నా బ్లడ్ గ్రూపు కలవకపోతే, అలాంటి ఇంకో కుటుంబంతో మార్చుకునే వీలు కూడా చట్టంలో ఉంది. డాక్టర్ని అడుగు. వరస ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. పేరే లేకపోతే వరసే రాదు.

---

కవిటి_కుర్రోడు | సోమవారం, మధ్యాహ్నం 12:20

ఇప్పుడే మిషన్ దిగి వచ్చాను. దూది కట్టు ఇంకా తీయలేదు, ఒంటి చేత్తో టైపు చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకోండి.

జీవన్‌దాన్ కాగితాలు ఈరోజు అడిగాను. పరీక్షలు చాలా ఉన్నాయి, వచ్చే వారం మొదలు.

డాక్టర్ గారు వెళ్లొచ్చన్నారు. చెల్లికి రెండు తేదీలు చెప్పాను, కామాక్షి గారి పద్ధతిలో. ఫోన్లో కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "రెండోది ఎందుకన్నయ్యా, మొదటిదానికే వచ్చెయ్" అంది. అట్లా కాదు, రెండూ రాసుకో అన్నాను.

రైలు టికెట్లు 60 రోజుల ముందు తెరుస్తారు. లెక్కేశాను, ఈలోపు 26 డయాలిసిస్‌లు. పొద్దున ఎనిమిదికి బుకింగ్ తెరిచేసరికి నేను మిషన్ మీదున్నాను, కుడిచేతికి సూదులు. ఎడమ చేత్తో ఫోన్ నొక్కలేక టెక్నీషియన్ కుర్రాడికిచ్చాను. వాడు వివరాలన్నీ కొట్టి, వయసు దగ్గర ఆగి, "అన్నా నీకు 34 ఏనా?" అన్నాడు. ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్, పలాస నుంచి. పేమెంట్ దగ్గర నెట్ ఆగిపోయి మళ్లీ మొదట్నుంచి చేసేసరికి సీట్లు అయిపోయాయి.

వెయిటింగ్ లిస్టు 14.

---

సూదిమల్లి | సోమవారం, మధ్యాహ్నం 12:31

14 అంటే కన్ఫర్మ్ అయిపోతుంది తమ్ముడూ, స్లీపర్‌లో 40 దాకా అవుతాయి. కింది బెర్తు అడిగావా లేదా? ఫిస్టులా చెయ్యి ఒంటి కింద నలిగేలా పడుకోవద్దు.

---

డాలస్_దొరబాబు | సోమవారం, రాత్రి 8:05

తిరుగు టికెట్ తీశావా?

---

కవిటి_కుర్రోడు | సోమవారం, రాత్రి 8:09

అయ్యో. దానికి బుకింగ్ గురువారం తెరుస్తారు. ఆరోజు మిషన్ లేదు, నేనే నొక్కుతాను.